నిలిస్తే రోలు, కదిలితే బండి

చిన్న షెడ్డులో బరువు మిషన్లకు చక్రాల స్టాండ్లు

బోరంచ (నారాయణఖేడ్):

మంజీర ఒడ్డున ఉన్న బోరంచ పేరు చెప్పగానే ఎవరికైనా నల్లపోచమ్మ గుడి గుర్తుకు వస్తుంది. అమ్మవారి దర్శనానికి ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు వస్తున్నాయి. పొలం పనులూ అంతే. దుక్కి ట్రాక్టరుదే, మోత ట్రాక్టరుదే. ఈ మార్పుతో మనూరు మండలంలోనే కాదు, నారాయణఖేడ్ చుట్టుపక్కల ఏ ఊరిలోనైనా వెల్డింగ్ షెడ్డు అవసరం పెరిగింది. కల్టివేటరు కొర్రు విరిగినా, ట్రాలీ తలుపు కీలు ఊడినా, బోరు మోటారు పీఠం పగిలినా రైతు పని ఆ షెడ్డు ముందు ఆగుతుంది. విత్తనాల అదనులో ఒక పూట ఆలస్యం ఎంత నష్టమో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి షెడ్డు సాధారణంగా ఎంత ఉంటుంది? పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉంటే గొప్ప. అందులోనే డ్రిల్లింగ్ మిషన్, సాన మిషన్, ఇనుము కోసే కటింగ్ మిషన్, వెల్డింగ్ మిషన్, గాలి కంప్రెషర్, బెంచి వైస్ అన్నీ ఉండాలి. పని చేయవలసిన వస్తువు మాత్రం లోపల పట్టదు. నాగళ్ళూ ట్రాలీలూ వాకిట్లోనే నిలుస్తాయి. అందువల్ల పొద్దున్నే మిషన్లను బయటికి మోయడం, చీకటి పడగానే దొంగల భయానికి లోపలికి మోయడం నిత్యకృత్యం. రోజుకు రెండుసార్లు, ఏడాదికి మూడు వందల రోజులు మోస్తే నడుము ఏమవుతుంది? షెడ్డుకు అసలు పెట్టుబడి మిషన్ కాదు, దాన్ని నడిపే మనిషి నడుము. అది పడిపోతే ఎన్ని మిషన్లు ఉన్నా షెడ్డు మూతపడుతుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. వెల్డింగ్ తెలిసినవాడి చేతిలోనే ఉంది. ప్రతి బరువు మిషన్‌కూ ఒక స్టాండు, ఆ స్టాండుకు చక్రాలు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఏదో నాలుగు చక్రాలు బిగిస్తే మిషన్ కదులుతుంది కానీ, పని చేసేటప్పుడు కూడా కదులుతుంది. తిరిగే సానరాయి ముందు మిషన్ జరిగితే పోయేది చెయ్యి. పని చేసేటప్పుడు రోలులా నిలవాలి, జరపవలసి వచ్చినప్పుడు బండిలా కదలాలి. ఈ రెండూ కలిసినదే మంచి స్టాండు.

ఎంత బరువు ఎత్తవచ్చు?

మనిషి ఎంత బరువు మోయవచ్చుననేది ప్రపంచమంతటా ఆలోచించిన విషయమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో గరిష్ఠ బరువుపై ఒక ఒడంబడిక, దానితోపాటు ఒక సిఫారసు చేసింది. వయోజనుడైన మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలకు మించితే దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలని ఆ సిఫారసు చెప్పింది. మన దేశం ఆ ఒడంబడికను 2010లో ఆమోదించింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో ఇంకా గట్టి లెక్క కట్టింది. బరువు ఒంటికి దగ్గరగా ఉండి, నడుము మెలి తిప్పకుండా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కిలోలు దాటకూడదన్నది. వంగి నేల మీద నుంచి ఎత్తితే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు మన షెడ్డు చూడండి. పోత ఇనుముతో చేసిన బల్ల డ్రిల్లింగ్ మిషన్లు యాభై కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. నూనె పోసే పాత రకం వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మరైతే వంద కిలోలు దాటుతుంది. మీ మిషన్ బరువు దాని మీద అతికించిన పలకపై ఉంటే సరే. లేకపోతే పత్తి తూచే కాంటా మీద ఒకసారి పెట్టి చూసుకోండి. స్టాండుకు సంబంధించిన లెక్కలన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

పని ముట్లు నడిచేవే

పనిముట్లను చక్రాల మీద పెట్టడం మనకు కొత్త కాదు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల్లో సంచరించే గిసాడీ కమ్మరులు, రాజస్థాన్‌లోని గాడియా లోహారులు కొలిమి సామానంతా బండి మీద వేసుకుని ఊరూరా తిరిగినవారే. గాడియా లోహారుల పేరులోనే బండి ఉంది. ఊరి చివర బండి విప్పితే అదే ఇల్లు, అదే కార్ఖానా.

పరాయి దేశాల్లో కూడా ఈ ఆలోచన పనివాడి ఇరుకులోంచే పుట్టింది. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండులో కార్ల రూపశిల్పిగా పేరు తెచ్చుకున్న రాన్ హిక్మన్ 1961లో ఇంట్లో చెక్కపని చేస్తూ, బల్ల లేక కుర్చీ మీద పెట్టి కోశాడు. చెక్కతోపాటు కుర్చీ కూడా తెగింది. ఆ నష్టంలోంచే మడిచి మోసుకుపోగల పనిబల్ల ఒకటి తయారు చేశాడు. మొదట కాదన్న బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీయే 1970వ దశకంలో దాని తయారీ చేపట్టింది. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఆ బల్లలో ఒక చిన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. పనివాడు కాలు పెట్టడానికి కింద ఒక మెట్టు ఉంటుంది. అతని బరువే బల్లను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ ఉపాయం ముందు ముందు మనకు అక్కరకు వస్తుంది.

బండి నేర్పిన పాఠం

ఎడ్లను విప్పి కాడి దించితే బండి నొగ నేలకు ఆనుతుంది, బండి ఊరకే ముందుకు పోదు. నొగ ఎత్తితే బరువు చక్రాల మీదికి వచ్చి బండి కదులుతుంది. మిషన్ స్టాండుకు కూడా సరిగ్గా ఇదే పద్ధతి.

స్టాండుకు నాలుగు కాళ్ళు ఉంటాయి. వెనుక కాళ్ళకు బయటి వైపు ఒక ఇరుసు, దానికి రెండు చక్రాలు బిగించాలి. అయితే స్టాండు నిలిచి ఉన్నప్పుడు ఆ చక్రాలు నేలకు తగలకూడదు. చక్రానికీ నేలకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అప్పుడు బరువంతా నాలుగు కాళ్ళ మీదే. మిషన్ కదలదు. ముందు వైపు పిడి పట్టుకుని కాస్త ఎత్తగానే చక్రాలు నేలకు ఆనుతాయి, వెనుక కాళ్ళు లేస్తాయి, స్టాండు బండిలా కదులుతుంది. దింపితే మళ్ళీ రోలు. తాళాలు, బ్రేకులు ఏవీ అక్కరలేదు. చక్రం సందు మరీ పెంచితే ముందు వైపు ఎక్కువ ఎత్తవలసి వస్తుంది. నేల మరీ గతుకులుగా ఉంటే తప్ప 5 మిల్లీమీటర్లు దాటనక్కరలేదు.

ఎత్తడానికి ఎంత బలం కావాలో లెక్క చూద్దాం. డ్రిల్లింగ్ మిషన్ 60 కిలోలు, స్టాండు 20 కిలోలు, మొత్తం 80 కిలోలు అనుకోండి. చక్రం నుంచి ఆ బరువు నడిమి చోటు ఒక అడుగు దూరంలో, పిడి నాలుగు అడుగుల దూరంలో ఉంటే చేతికి వచ్చే బరువు అందులో నాలుగో వంతు, అంటే 20 కిలోలు. పిడి మూడు అడుగులే ఉంటే దాదాపు 27 కిలోలు. పిడి పొడుగు పెరిగిన కొద్దీ చేతికి బరువు తగ్గుతుంది. గడ్డపారతో బండ లేపేవారికి ఇది తెలియని సంగతి కాదు.

నాలుగు అడుగుల పిడి ఎప్పుడూ ముందుకు పొడుచుకుని ఉంటే కాళ్ళకు అడ్డం పడుతుంది. అందుకని పిడిని విడిగా చేసుకోవాలి. స్టాండు పక్కల రెండు గొట్టపు ముక్కలు వెల్డింగ్ చేసి, వాటిలోకి వదులుగా దూరే సన్న గొట్టాలతో పిడి చేసి, జారిపోకుండా ఇరుసుకు సీల పెట్టినట్లు అడ్డంగా ఒక సీల పెట్టాలి. అన్ని స్టాండ్లకూ గొట్టాల మధ్య దూరం ఒకే కొలతలో ఉంచితే ఒక్క పిడి అన్నింటికీ సరిపోతుంది. పని అయ్యాక దాన్ని గోడకు తగిలించవచ్చు. పిడి లేకుండా మిషన్ కదలదు కాబట్టి పిల్లలు నెట్టి ఆడుకునే భయమూ ఉండదు.

స్టాండు తయారీ

పైన చెప్పిన 60 కిలోల డ్రిల్లింగ్ మిషన్‌కు 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గల యాంగిలర్ సరిపోతుంది. ఇది మీటరుకు 3 కిలోలు తూగుతుంది. పైన 45 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు గల చట్రం. కింద 60 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల చట్రం. 70 సెంటీమీటర్ల కాళ్ళు నాలుగు. మొత్తం కలిపి 6.6 మీటర్ల యాంగిలర్, బరువు 20 కిలోలకు కొంచెం తక్కువ. పైన ఇరుకు, కింద వెడల్పు కాబట్టి కాళ్ళు బయటికి వాలి ఉంటాయి. మంచె కాళ్ళు బయటికి వాల్చి పాతేది ఎందుకో ఇదీ అందుకే.

చట్రం వెల్డింగ్ చేసే ముందు మూలమట్టం పెట్టి చూడాలి. ఆ తర్వాత ఎదురెదురు మూలలకు టేపు పట్టి రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానంగా ఉంటేనే చట్రం చదరం. 60కి 50 చట్రానికి ఆ కొలత 78.1 సెంటీమీటర్లు రావాలి. మొదట నాలుగు మూలలా చిన్న చిన్న చుక్కలు పెట్టి, మళ్ళీ కొలిచి, అప్పుడే పూర్తిగా వెల్డింగ్ చేయాలి. ఒక మూల మొత్తం ఒకేసారి చేస్తే వేడికి ఇనుము లాగి చట్రం మెలి తిరుగుతుంది. ఒక మూల తర్వాత దానికి ఎదురు మూల చేస్తూ పోవాలి.

మిషన్‌ను చట్రానికి వెల్డింగ్ చేయకూడదు. బోల్టులతోనే బిగించాలి. పోత ఇనుము వెల్డింగ్‌కు పగులుతుంది. పైగా రేపు మిషన్ మార్చవలసి రావచ్చు. బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ తప్పనిసరి. అది లేకపోతే అదురుకు నట్టు దానంతట అదే వదులవుతుంది. మిషన్ పీఠానికీ చట్రానికీ మధ్య పాత టైరు రబ్బరు ముక్క పెడితే అదురూ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది.

ఇరుసుకు 20 మిల్లీమీటర్ల గుండ్రని కడ్డీ తీసుకుంటే 6204 నంబరు బేరింగు దానికి సరిగ్గా కూర్చుంటుంది. దాని లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47 మిల్లీమీటర్లు. మోటారు మరమ్మతులు చేసేవారి దగ్గర ఈ బేరింగు మామూలుగా దొరుకుతుంది. చక్రం కనీసం ఆరు అంగుళాలు ఉండాలి. పట్నపు దుకాణాల్లో దొరికే రెండు అంగుళాల చక్రాలు నున్నటి గచ్చు మీదే పనికివస్తాయి. మన వాకిట్లో చిన్న గులకరాయి అడ్డం పడినా అవి ఆగిపోతాయి, పై బరువు మాత్రం ఆగకుండా ముందుకు తూలుతుంది.

వడ్రంగులు ఇదే స్టాండును కర్రతో చేసుకోవచ్చు. తుమ్మ కర్రయినా, వేప కర్రయినా మంచిదే. అయితే మేకులు నమ్మరాదు. మిషన్ అదురుకు మేకు వదులవుతుంది. బెజ్జం కొట్టి కుసి దూర్చి, పైన బోల్టు బిగించిన అతుకే నిలుస్తుంది.

పడిపోకుండా చూడడం

స్టాండు ఎంత గట్టిదైనా బోర్లా పడితే ఏం లాభం? డ్రిల్లింగ్ మిషన్ తల బరువుగా ఉంటుంది. నేల నుంచి మీటరు ఎత్తున పక్కనుంచి ఎంత తోస్తే పడుతుందో లెక్క కట్టవచ్చు. మొత్తం బరువు 80 కిలోలు, కింది చట్రం వెడల్పు 50 సెంటీమీటర్లు అయితే అందులో సగం 25. ఎనభైని పాతికతో గుణించి వందతో భాగిస్తే 20. అంటే 20 కిలోల తోపుకే స్టాండు లేస్తుంది. డ్రిల్లు కొన ఇనుములో చిక్కుకుని లాగితే ఆ మాత్రం తోపు ఇట్టే వస్తుంది.

దీనికి రెండు మార్గాలు. కింది చట్రం 70 సెంటీమీటర్లకు పెంచితే 28 కిలోల తోపు దాకా ఆగుతుంది. లేదా 50 సెంటీమీటర్ల చట్రం మీదే అడుగున రేకు వేసి 40 కిలోల ఇసుక సంచి పెడితే 30 కిలోల దాకా ఆగుతుంది. తిరగలి కింది రాయి ఎందుకు అంత బరువుగా ఉంటుందో ఆలోచించండి. పని చేసేటప్పుడు కదలని బరువు కిందే ఉండాలి. ఇసుక సంచి ఇంకో విధంగా కూడా మేలు. మిషన్ నిలిపాక పెట్టవచ్చు, జరిపేటప్పుడు తీయవచ్చు. ఆ బరువు కూడా ఎత్తనక్కరలేదు.

జరిపేటప్పుడు పిడిని బెత్తెడు ఎత్తితే చాలు. మరీ పైకి ఎత్తితే తల బరువు చక్రాలు దాటి అవతలికి పోయి మిషన్ వెనక్కి పడుతుంది. వాలు నేల మీద దింపేటప్పుడు మిషన్‌కు కింది వైపు మనిషి ఉండరాదు.

మూడు రాళ్ళ పొయ్యి

నేల సంగతి వేరే చెప్పాలి. మన వైపు నల్లరేగడి నేలలు ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బుతాయి. మట్టి నేల మీద యాంగిలర్ కాలు గునపంలా దిగబడుతుంది. ప్రతి కాలు కిందా నాలుగు అంగుళాల చదరపు ఇనుప రేకు వెల్డింగ్ చేయాలి. మిషన్ నిలిచే చోట షాబాద్ బండలు పరిస్తే మరీ మంచిది. బండ కింద ఇసుక గట్టిగా దిమ్మెస కొట్టకపోతే కాలు ఆనిన చోట బండ పగులుతుంది.

పొయ్యికి మూడు రాళ్ళే ఎందుకు పెడతారు? మూడు రాళ్ళ మీద కుండ ఎలాంటి నేల మీదైనా ఊగదు. నాలుగో రాయి వచ్చిందంటే ఒకటి ఎప్పుడూ గాలిలో ఉంటుంది. చిన్న సాన మిషన్‌కు మూడు కాళ్ళ స్టాండు అందుకే నప్పుతుంది. తల బరువుగా ఉండే డ్రిల్లింగ్ మిషన్‌కు మాత్రం నాలుగు కాళ్ళే కావాలి, మూడు కాళ్ళది పక్కకు తొందరగా పడుతుంది. నాలుగు కాళ్ళ ఊపు పోవడానికి ముందు కాళ్ళు రెండింటికీ అడుగున నట్టు వెల్డింగ్ చేసి, అందులోకి 16 మిల్లీమీటర్ల బోల్టు ఎక్కించాలి. ఆ బోల్టు ఒక చుట్టు తిప్పితే కాలు 2 మిల్లీమీటర్లు లేస్తుంది. రసమట్టం పెట్టి చూస్తూ తిప్పితే రెండు నిమిషాల పని.

ఒక్కో మిషన్‌కు ఒక్కో తీరు

పై పద్ధతి అన్నింటికీ ఒకేలా పనికిరాదు. మిషన్ స్వభావాన్ని బట్టి స్టాండు మారాలి.

నూనె పోసే వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మరును వాల్చరాదు. నూనె ఒలుకుతుంది. దానికి నేలకు దగ్గరగా నాలుగు చక్రాల పీఠమే మంచిది. ఇక్కడ చక్రాల లెక్క ఒకటుంది. చక్రాలు నాలుగైనా గతుకు నేల మీద బరువు మోసేవి మూడే. ట్రాన్స్‌ఫార్మరు, పీఠం కలిపి 135 కిలోలైతే మూడుతో భాగించాలి. ఒక్కో చక్రం కనీసం 45 కిలోలు మోయగలదై ఉండాలి. 60 కిలోలది తీసుకుంటే నిశ్చింత.

బెంచి వైస్‌కు బరువు కన్నా లాగుడు ఎక్కువ. ఆకురాయి పట్టినా, పైపు తిప్పినా వైస్ పక్కకు పోతుంది. దాని స్టాండు కింద రెండడుగుల రేకు ముందుకు చాచి, పనివాడు ఆ రేకు మీదే నిలబడి పని చేయాలి. 60 కిలోల మనిషి నిలబడితే 60 కిలోల ఇసుక సంచి పెట్టినట్లే. పైన చెప్పిన హిక్మన్ బల్ల మెట్టులోని కిటుకు ఇదే.

సాన మిషన్‌కు స్టాండు ఎంత ముఖ్యమో దాని ముందున్న ఆనుడు పలక అంత ముఖ్యం. పలకకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటరాదు. రాయి అరిగిన కొద్దీ పలకను ముందుకు జరపాలి. సందు ఎక్కువైతే ఇనుప ముక్క అందులో ఇరుక్కుని రాయి పగులుతుంది. రాయి మీద రాసిన చుట్ల సంఖ్య మిషన్ చుట్ల కన్నా తక్కువ ఉంటే ఆ రాయి ఎక్కించనే కూడదు.

కటింగ్ మిషన్ స్టాండు పొట్టిగా ఉండాలి. యాంగిలర్లు ఆరు మీటర్ల పొడవు ఉంటాయి కాబట్టి దానితో సమానమైన ఎత్తున రెండు ఊత స్టాండ్లు విడిగా చేసుకోవాలి. ఊత లేకపోతే చివర కిందికి వాలి, కోసే రాయిని బిగపట్టి పగలగొడుతుంది. నిప్పురవ్వలు ఎగిరే వైపు పత్తి, గడ్డి, పెట్రోలు డబ్బాలు ఉండరాదు.

గాలి కంప్రెషర్ ట్యాంకుకు కాళ్ళు గానీ చక్రాలు గానీ ఎన్నడూ వెల్డింగ్ చేయరాదు. వెల్డింగ్ వేడికి ట్యాంకు రేకు బలహీనపడి గాలి ఒత్తిడికి పేలే ప్రమాదం ఉంది. కంపెనీ ఇచ్చిన కాళ్ళకు ఉన్న రంధ్రాల్లోనే బోల్టులు బిగించి, ఆ బోల్టులకే పీఠం చేయాలి.

దాగలికి మాత్రం చక్రాలు వద్దు. సమ్మెట దెబ్బ చక్రం బేరింగును పాడు చేస్తుంది. అది తుమ్మ మొద్దు మీద, మొద్దు నేలలో దిగి ఉండవలసిందే.

ఎత్తు విషయంలో పాత కమ్మరుల కొలతే ఇప్పటికీ సరైనది. చెయ్యి కిందికి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు ఎంత ఎత్తున ఉంటాయో దాగలి పై భాగం అంత ఎత్తున ఉండాలి. వైస్ పై భాగం మోచేతి ఎత్తున ఉండాలి. పనివాడి ఎత్తును బట్టి స్టాండు చేయాలే గాని, పొరుగు షెడ్డులో ఉన్న కొలత తెచ్చి చేయరాదు. నడుము వంగే స్టాండు చేసుకుంటే మోత తప్పించిన లాభం వంగుడులో పోతుంది.

కరెంటుతో జాగ్రత్త

ఒకచోట నిలిచిన మిషన్‌కు లేని ప్రమాదం కదిలే మిషన్‌కు ఉంది. అది వైరు. చక్రం కింద వైరు పడితే పై తొడుగు చితికి ఇనుప స్టాండంతటికీ కరెంటు వస్తుంది. వానకు తడిసిన వాకిట్లో అది ప్రాణం తీస్తుంది. కాబట్టి మిషన్ జరిపే ముందు ప్లగ్గు పీకడం మొదటి నియమం. స్టాండుకు ఒక కొక్కెం పెట్టి వైరు దానికి చుట్టాలి. మూడు తీగల వైరే వాడాలి. అందులో ఎర్తు తీగ మిషన్ ఒంటికి కలిసి ఉండాలి. షెడ్డు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి తెగే బ్రేకర్ పెట్టించుకుంటే మనిషికి షాకు తగిలిన క్షణంలో కరెంటు ఆగుతుంది. ఎర్తు లేని చోట ఎంత మంచి స్టాండయినా చెడ్డ స్టాండే.

డబ్బు సంగతి

ఎడ్లబండ్లు తగ్గాక చక్రాలు చేసే వడ్రంగికీ, పట్టాలు వేసే కమ్మరికీ చేతి నిండా పని లేకుండా పోయింది. వారిలో ఎందరో వెల్డింగ్ నేర్చి షెడ్లు పెట్టుకున్నారు. ఇలాంటి చేతివృత్తుల వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. వడ్రంగం, కమ్మరం సహా 18 వృత్తులకు ఇది వర్తిస్తుంది. శిక్షణతోపాటు పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇందులో ఉన్నాయి. కుటుంబానికి ఒకరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

సాయం అందినవారు డబ్బంతా మిషన్‌కే పెట్టి, దాన్ని ఇటుకల మీద నిలిపి పని చేయడం మామూలే. అది పొరపాటు. మిషన్ కొనేటప్పుడే స్టాండుకు కావలసిన యాంగిలరూ, చక్రాలూ లెక్కలో వేసుకోవాలి. అన్నీ కొత్తవే కానక్కరలేదు. పాత ట్రాలీ చట్రం, విరిగిన కల్టివేటరు ముక్కలు, పాడైన మోటారు బేరింగు పీఠాలు తుక్కు కింద పోయేవే స్టాండుకు పనికివస్తాయి. ఒక్క చక్రాల విషయంలోనూ, బోల్టుల విషయంలోనూ పొదుపు చూడకూడదు.

నాలుగు పరీక్షలు

స్టాండు పూర్తయ్యాక మిషన్ ఎక్కించే ముందు నాలుగు పరీక్షలు చేయండి. మొదటిది, రెండు సిమెంటు బస్తాలు పైన పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కాళ్ళు వంగినా, అతుకు విచ్చినా తెలిసిపోతుంది. రెండవది, బస్తాలు ఉండగానే నడుము ఎత్తున పక్కనుంచి ఒక చేత్తో గట్టిగా తోయండి. కాలు లేస్తే చట్రం వెడల్పు పెంచండి లేదా అడుగున బరువు వేయండి. మూడవది, ఒక పోస్టుకార్డంత మందం కాగితం ఒక్కో కాలు కింద దూర్చి చూడండి. ఏ కాలి కింద సులువుగా దూరితే ఆ కాలు గాలిలో ఉన్నట్లే. నాలుగవది, ఇంట్లో అందరికన్నా బలం తక్కువ ఉన్న పెద్ద మనిషి చేత పిడి పట్టించండి. వారు నడిపించగలిగితే మీ స్టాండు కుదిరినట్లు.

ఆ తర్వాత నెలకు ఒకసారి నట్లు బిగించి, బేరింగులకు గ్రీజు పెడితే చాలు. ఇనుము మోయడం ఇనుము పని. దాన్ని నడిపించడమే మనిషి పని.